సొంత భాషను కడదాం – 5వ పాఠం: మాటలను పెంచడం, మెరుగుపెట్టడం

గత పాఠంతో మన లిసర భాషకు అరవై దాకా ధాతువులు (మాటలకు మూలమైన ముక్కలు), మూడు ప్రత్యయాలు (వాటి చివర చేరే ముక్కలు) సమకూరాయి. నది మీద పడవల్లోనే పుట్టి పెరిగే ఒక కల్పిత జాతి మాట్లాడే భాష ఇది. ఇప్పుడు ఇందులో చిన్న కథ చెప్పబోతే మాటలు చాలవు. ఈ దశలో చాలామంది నిఘంటువు తెరిచి, ప్రతి మాటకూ ఎదురుగా ఒక కొత్త శబ్దం రాసుకుంటూ పోతారు. దయచేసి ఆ పని చేయకండి. కొద్ది రోజుల్లోనే వందల మాటలు పోగవుతాయి గాని, చివరికి మిగిలేది ముసుగు వేసుకున్న తెలుగే.

ఒక భాష మరో భాషకు భిన్నంగా ఉండేది శబ్దాల్లో మాత్రమే కాదు. ఏ మాట ఎంతవరకు చెల్లుతుంది, ఎక్కడ ఆగిపోతుంది అన్నదే అసలు తేడా. తెలుగులో చేతికీ వేళ్లుంటాయి, కాలికీ వేళ్లుంటాయి. ఇంగ్లీషులో ఆ రెంటికీ వేర్వేరు మాటలు. వాళ్లు ఒక్క మాటతో సరిపెట్టుకునే చోట మనకు ‘మేము’, ‘మనం’ రెండూ కావాలి. పచ్చని చేను అన్నప్పుడు, పచ్చకామెర్లు అన్నప్పుడు కళ్లముందుకు వచ్చే రంగు ఒకటి కాదు, మాట మాత్రం ఒకటే. లిసరకూ ఇలాంటి సొంత హద్దులు ఉండాలి.

అందుకని ధాతువుకు అర్థం రాసేటప్పుడు ఒక్క తెలుగు మాటతో వదిలిపెట్టకండి. అది ఎక్కడ చెల్లుతుందో, ముఖ్యంగా ఎక్కడ చెల్లదో రాయండి. నా పుస్తకంలో ఒక పద్దు ఇలా ఉంది:

రుమె – ఒంటి మీద మోయడం. బిడ్డను, మూటను, పాత గాయపు మచ్చను, దుఃఖాన్ని కూడా రుమె అంటారు. పడవలో తీసుకువెళ్లే సరుకుకు చెల్లదు, దానికి సపి.

పడవ మనుషులకు ఈ రెండూ ఒకే పని కావు. ఈ ఒక్క పద్దు వాళ్ల జీవితం గురించి ఎంత చెబుతోందో చూడండి.

భాషాశాస్త్రవేత్త మోరిస్ స్వదేశ్ పేరున్న 207 మాటల జాబితాను చాలామంది తొలి మెట్టుగా వాడుకుంటారు. ఏదైనా మరిచిపోయామా అని సరిచూసుకోవడానికి అది పనికొస్తుంది. అయితే భాషల మధ్య చుట్టరికాన్ని లెక్కగట్టడానికి తయారైన జాబితా అది, కొత్త భాషను పుట్టించడానికి కాదు. వరుసగా పూరించుకుంటూ పోతే మళ్లీ ముసుగు దగ్గరికే వస్తాం. రంగుల విషయంలో మాత్రం ఒక పరిశోధన గుర్తుంచుకోండి. 1969లో బ్రెంట్ బెర్లిన్, పాల్ కే చెప్పినదాని ప్రకారం, మూల రంగుల పేర్లు మూడే ఉన్న భాషల్లో అవి నలుపు, తెలుపు, ఎరుపు. లిసరకు మూడు చాలనుకుంటే ఆ మూడే ఉంచండి.

ఇక ఉన్న ధాతువుల నుంచి కొత్త మాటలు తీయడం. 1887లో జామెన్‌హాఫ్ తాను కల్పించిన ఎస్పెరాంతో భాషను సుమారు 900 ధాతువులతో లోకం ముందు పెట్టాడు. సానా అంటే ఆరోగ్యం గల, మల్సానా అంటే జబ్బుపడిన, ‘మల్సానులో’ అంటే రోగి, ‘మల్సానులేయో’ అంటే ఆసుపత్రి. ఒక్క ధాతువు నుంచి ఇన్ని మాటలు రావడం ముచ్చటగా ఉంటుంది. అయినా ఎస్పెరాంతోలో హోస్పిటాలో అనే మాట కూడా చెలామణిలో ఉంది. తరచుగా వాడే మాట పొట్టిగా ఉండాలని నోరు కోరుకుంటుంది. కాబట్టి రోజూ పలికే వస్తువులకు పొట్టి ధాతువులు కేటాయించి, అరుదైన వాటికి ప్రత్యయాలు వాడండి.

ప్రత్యయాన్ని ప్రతి ధాతువుకూ తగిలించకూడదు. మనకు పాటగాడు, ఆటగాడు, వేటగాడు ఉన్నారు. మాట దగ్గరికి వచ్చేసరికి మాటకారి అంటాం. ఇలాంటి తేడాలే భాష ఎన్నో నోళ్లలో నలిగిందని నమ్మిస్తాయి. మీ ధాతువుల, ప్రత్యయాల పట్టికలో కొన్ని గళ్లు కావాలనే ఖాళీగా వదలండి.

ఈ పాఠంలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం అర్థాల జారుడు. లాటిన్‌లో ‘తెస్తా’ అంటే మట్టిపాత్ర. అదే అరిగి ఫ్రెంచిలో ‘తెత్’ అయి, తల అనే అర్థం తెచ్చుకుంది. తలను సూచించిన పాత లాటిన్ మాట ‘కపుత్’ మరో దారి పట్టి, ఫ్రెంచిలో ‘షెఫ్’గా మారి నాయకుడికి పేరైంది. లిసరలోనూ ఇలా చేద్దాం. తిమె అంటే చూడటం, -లెర్ అంటే చోటు. తిమెలెర్ అంటే స్తంభం మీద కాపలావాడు కూర్చునే చోటు. అక్కడ కూర్చునేది నది ఆనుపానులు తెలిసిన పెద్ద మనిషి కాబట్టి, తరాలు గడిచేసరికి ఆ మాట అతనికే పేరైంది. పలికీ పలికీ మధ్య అచ్చు రాలిపోయింది. మన రెండో పాఠపు నియమం ప్రకారం మకారంతో అక్షరం ముగియకూడదు, కాబట్టి అది పక్కనున్న లకారంలో కలిసిపోయింది. ఫలితం: తిల్లెర్, అంటే పెద్ద దిక్కు. ఆ తర్వాత చోటుకు పేరు అవసరమై జనం తిమెలెర్‌ను మళ్లీ కూర్చుకున్నారు. ఒకే పుట్టుక, రెండు రూపాలు, రెండు అర్థాలు.

మనకూ శ్రీ, సిరి అలాంటివే. సిరి శ్రీకి వికృతి అయినా పేరుకు ముందు సిరి రాయం. ఇలాంటి జంటలు నాలుగైదు చాలు, భాషకు వయసు వచ్చేస్తుంది.

చివరిగా ఏరివేత. ఒకే అర్థానికి రెండు మాటలు చేరితే ఒకదాన్ని కొట్టేయడానికి తొందరపడకండి. ఒకటి పిల్లలతో, మరొకటి కొత్తవారితో వాడేదేమో ఆలోచించండి. ఎంత వెతికినా తేడా దొరకకపోతే అప్పుడు తీసేయండి.

అభ్యాసం: పడవ నుంచి నీళ్లలో పడిన పిల్లవాడిని ఎవరో రక్షించిన సంఘటనను ఎనిమిది వాక్యాల్లో లిసరలో రాయండి. మాట దొరకని ప్రతిచోటా ముందు ఉన్న ధాతువును సాగదీయండి, ఆపైన ప్రత్యయం ప్రయత్నించండి, రెండూ కుదరకపోతేనే కొత్త ధాతువు పుట్టించండి. కొత్త ధాతువులు ఆరు దాటితే వాక్యాలను మార్చి మళ్లీ రాయండి. పుట్టించిన ప్రతి మాటకూ రుమె పద్దులా చెల్లని చోటు తప్పక రాసి ఉంచండి. ఆరో పాఠంలో జాతీయాలను కూర్చేటప్పుడు ఆ పద్దులతోనే పని మొదలుపెడతాం.