గేర్ మార్చేటప్పుడు వచ్చే శబ్దాలు: పాత బండిలో లోపం పట్టుకోవడం ఎలా?

శబ్దం వినగానే గేర్ బాక్స్ దించేయకండి. అది క్లచ్ తొక్కినప్పుడు వస్తోందా వదిలినప్పుడా, బండి ఆగి ఉండగానా కదులుతుండగానా అని చూస్తే సగం పని అయిపోతుంది. ఇక్కడ చెప్పేది మాన్యువల్ గేర్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ బాక్స్ నుంచి వెనక చక్రాల వైపు తిప్పుడు తీసుకెళ్లే కడ్డీ) ఉన్న పాత బండ్ల గురించి.

ఆగి ఉండగా రివర్స్ వేస్తే గరగర

ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి, క్లచ్ పూర్తిగా తొక్కి, ఐదారు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. చాలా పాత గేర్ బాక్సుల్లో రివర్స్‌కి సింక్రో (గేర్ల వేగాలు కలిపి పళ్లు మెత్తగా పడేలా చేసే రింగు) ఉండదు. తొక్కీ తొక్కగానే వేస్తే లోపలి షాఫ్ట్ ఇంకా తిరుగుతూనే ఉంటుంది కనుక శబ్దం మామూలే. ఆగి వేసినా పళ్లు రాసుకుంటుంటే మాత్రం క్లచ్ పూర్తిగా విడవట్లేదన్నమాట.

కేబుల్ క్లచ్ అయితే పెడల్ ఫ్రీ ప్లే కొలవండి. వేలితో నొక్కితే తేలిగ్గా కదిలే దూరం చాలా బండ్లలో 10 నుంచి 25 మి.మీ. దాకా ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లో ఎంత ఉంటే అదే లెక్క. ఎక్కువగా ఉంటే సర్దండి. కేబుల్ పోగులు తెగి ఉంటే సర్దడం దండగ, మార్చేయాలి.

హైడ్రాలిక్ క్లచ్‌లో ఫ్లూయిడ్ మట్టం చూసి, స్లేవ్ సిలిండర్ (గేర్ బాక్స్ దగ్గర క్లచ్‌ని తోసే చిన్న సిలిండర్) రబ్బర్ బూటు ఎత్తి తడి ఉందేమో చూడండి. పెడల్ రెండు మూడు సార్లు పంపు కొట్టాక గేరు మెత్తగా పడుతుంటే లైన్లో గాలి చేరి ఉండాలి, లేదా పెడల్ దగ్గరి మాస్టర్ సిలిండర్ సీళ్లు అరిగి ఉండాలి. ముందు బ్లీడ్ చేయండి, అంటే లైన్లో గాలి బయటికి తీయండి. కొన్నాళ్లకే మళ్లీ మొదలైతే తప్పు సీళ్లదే.

ఒక్క గేరులోనే గరగర

రివర్స్ పరీక్షలో ఏమీ లేదు, రెండో గేరు వేస్తేనే శబ్దం వస్తోందంటే సింక్రో రింగ్‌ను అనుమానించాలి. మూడు నుంచి రెండుకి దిగేటప్పుడు న్యూట్రల్‌లో క్లచ్ వదిలి, యాక్సిలరేటర్ కొంచెం ఇచ్చి, మళ్లీ క్లచ్ తొక్కి గేరు వేయండి. అలా నిశ్శబ్దంగా పడితే అనుమానం నిజమే. అయినా దించే ముందు ఆయిల్ మార్చి చూడటం మంచిది. జీఎల్-4 (జీఎల్ అంటే గేర్ ఆయిల్ రకం తెలిపే గుర్తు) అడిగే గేర్ బాక్స్‌లో జీఎల్-5 పోస్తే సింక్రో పట్టు తప్పవచ్చు. కొన్ని జీఎల్-5 ఆయిళ్లలోని సల్ఫర్ మందులు ఇత్తడి రింగులను తినేస్తాయి కూడా.

న్యూట్రల్‌లో గుర్రుమనే శబ్దం

క్లచ్ వదిలితే వచ్చి తొక్కితే పోతే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. తొక్కితే వచ్చి వదిలితే పోతే రిలీజ్ బేరింగ్ (పెడల్ తొక్కినప్పుడు క్లచ్‌ని నొక్కేది). దీనికోసం ఎలాగూ గేర్ బాక్స్ దించాలి కనుక క్లచ్ ప్లేట్, ప్రెషర్ ప్లేట్, పైలట్ బేరింగ్ కూడా అప్పుడే చూసుకోండి.

గేరు పడ్డాక, క్లచ్ వదలగానే ఠంగుమనడం

దీన్ని గేర్ బాక్స్ మీదికి నెట్టేవాళ్లే ఎక్కువ. చాలాసార్లు లోపం వెనకాల ఉంటుంది. ఇంజిన్ ఆపి, చక్రాలకు ముందూ వెనకా అడ్డాలు పెట్టి, బండిని స్టాండ్ల మీద నిలిపాకే కిందికి దూరండి, జాకీని నమ్ముకోవద్దు. న్యూట్రల్‌లో ఉంచి, ప్రొపెల్లర్ షాఫ్ట్ చివర కీలులా వంగే యూనివర్సల్ జాయింట్‌కి ఒక పక్క యోక్ (ఫోర్కులాంటి ముక్క) గట్టిగా పట్టుకుని రెండో పక్క తిప్పండి. రెండు యోక్‌లనూ కలిపే క్రాస్ దగ్గర కాస్త లూజు చేతికి తగిలినా మార్చాల్సిందే. క్యాపుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపిస్తే లోపలి సూది బేరింగులు ఎండిపోయాయి. నెమ్మదిగా పోతున్నప్పుడు వచ్చే కిచకిచ కూడా వీటిదే కావచ్చు. షాఫ్ట్ విప్పే ముందు ఫ్లాంజ్‌ల మీద, స్లిప్ జాయింట్ మీద గుర్తులు పెట్టుకోండి, లేకపోతే తిరిగి బిగించాక వణుకు పట్టుకుంటుంది.

జాయింట్లు గట్టిగానే ఉంటే ఇంజిన్, గేర్ బాక్స్ మౌంట్ల రబ్బర్లు చిట్లాయేమో చూడండి. చివరికి మిగిలేది డిఫరెన్షియల్, అంటే వెనక ఇరుసు మధ్యలోని గేర్ల పెట్టె. దాని పళ్లలో కొద్దిపాటి ఆట ఉండాల్సిందే. ఆట ఎక్కువైందని పినియన్ నట్ బిగిస్తే బేరింగ్ మీద ఉండాల్సిన బిగువు (ప్రీలోడ్) మారిపోయి బాగున్నది కూడా చెడుతుంది.

ఆయిల్ తీసేటప్పుడు

ముందు ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకునే డ్రెయిన్ ప్లగ్ విప్పండి. ఫిల్లర్ ప్లగ్ తుప్పుతో బిగుసుకుపోయి ఉంటే ఖాళీ గేర్ బాక్స్‌తో బండి అక్కడే నిలిచిపోతుంది. ప్లగ్ అయస్కాంతానికి బూడిద రంగు ముద్ద అంటుకుంటే కంగారక్కర్లేదు. ఆయిల్‌లో పసుపు మెరుపులు సింక్రో రింగులవి. వేలికి గరుకుగా తగిలే ఉక్కు ముక్కలు కనిపిస్తే కొత్త ఆయిల్ పోసి నడపొద్దు, గేర్ బాక్స్ విప్పాల్సిందే.