హెపటైటిస్ సి తగ్గింది, ఒళ్లునొప్పులు మాత్రం పోలేదా?

మందుల కోర్సు అయిపోయిన 12 వారాలకు చేసే ఆర్‌ఎన్‌ఏ టెస్టులో వైరస్ కనబడలేదంటే జబ్బు నయమైనట్టే, అందులో అనుమానం పెట్టుకోవద్దు. అయినా పొద్దున లేవగానే వేళ్లు బిగుసుకుపోయి చెంబు పట్టుకోవడం కూడా కష్టమవుతోందంటే అది మీ భ్రమ కాదండీ, ఏళ్ల తరబడి వైరస్‌తో పోరాడిన ఒళ్లు సర్దుకోవడానికి కొందరికి నెలలు పడుతుంది.

ముందు మెడికల్ షాపు సంగతి. నొప్పి అనగానే ఇచ్చే డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ సొంతంగా వేసుకోకండి, సిర్రోసిస్ (కాలేయం గట్టిపడి దెబ్బతినడం) దాకా వెళ్లినవాళ్లకు ఇవి కిడ్నీలను దెబ్బతీస్తాయి, కడుపులో రక్తస్రావం కూడా కావచ్చు. పారాసెటమాల్ నయం, కానీ సిర్రోసిస్ ఉంటే రోజుకు 2 గ్రాములు, అంటే 500 ఎంజీ బిళ్లలు నాలుగు దాటకూడదు. జలుబు మాత్రల్లోనూ అదే ఉంటుంది, అట్ట వెనక చదవండి. పేరులేని పొడులు అసలొద్దు.

పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో చేతులు ఉంచి మెల్లగా గుప్పిట మూసి తెరవండి.

తగ్గితే అలిపిరి నుంచి నడిచి వస్తానని మొక్కుకున్నారా? ఆ 3,550 మెట్లు ఇప్పుడే వద్దు, ఆలస్యమైతే స్వామి ఏమీ అనుకోడు. ముందు ఎండ ముదరకముందే చదునుగా ఉన్న రోడ్డు మీద కాసేపు నడవండి, మరుసటి రోజు నొప్పి పెరగకపోతేనే కొంచెం పెంచండి.

కాళ్ల మీద ఊదారంగు మచ్చలు, తిమ్మిర్లు, కీళ్ల వాపు ఉంటే మాత్రం ఆగొద్దు, పాత రిపోర్టులన్నీ పట్టుకుని తిరుపతిలోని స్విమ్స్ ఆసుపత్రికో రుయా ఆసుపత్రికో వెళ్లి క్రయోగ్లోబ్యులిన్ టెస్టు (రక్తంలో చలికి గడ్డకట్టే ప్రొటీన్లున్నాయేమో చూసేది) అవసరమా అని అడగండి. కీళ్లవాతం అనుమానంతో చేసే రుమటాయిడ్ ఫ్యాక్టర్ రక్తపరీక్ష పాజిటివ్ వచ్చినా హడలిపోకండి, హెపటైటిస్ సి వచ్చినవాళ్లకు కీళ్లవాతం లేకుండానే అలా రావచ్చు, కీళ్లవాతాన్ని ఇంకా కచ్చితంగా పట్టే యాంటీ సీసీపీ రక్తపరీక్ష కూడా చూస్తే తేడా తెలుస్తుంది.