రెండు క్లాసులు కలిపాక పాత్ర బలహీనపడిందా?

విజయవాడ మొగల్రాజపురంలో మా మేడ గదిలో ఆదివారాలు డంజియన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం, అంటే ఒక్కొక్కరు ఒక్కో పాత్రగా, పాచికలు వేసి ఆడే కథల ఆట. ఆట నడిపేది నేను. పాత్ర చేసే వృత్తిని క్లాసు అంటారు; ఒకే పాత్రకు రెండు క్లాసులు ఇవ్వడం మల్టీక్లాస్. అలా చేసినవాళ్లు నా దగ్గరికి ఎక్కువగా తెచ్చే చిక్కులు ఇవి. నియమాలు 2014 నాటి ఐదవ ఎడిషన్‌వి.

సమస్య: మూడో స్థాయి స్లాట్లు (మంత్రం వేసినప్పుడల్లా ఒకటి ఖర్చయ్యే వంతులు) వచ్చాయి, ఫైర్‌బాల్ మంత్రం మాత్రం రాలేదు.

మా తమ్ముడు విజార్డ్ (మాంత్రికుడు) 3, క్లెరిక్ (పూజారి) 2 తీసుకున్నాడు, అంటే మొదటి క్లాసులో మూడు లెవెళ్లు, రెండో దాంట్లో రెండు. "స్లాట్లు ఉన్నాయి కదా అన్నయ్యా, మంత్రం ఎందుకు రాదు?" అని కాగితం నా ముందు పెట్టాడు. ఫైర్‌బాల్ అని పెన్సిలుతో రాసి, చెరిపి, మళ్లీ రాసిన చోట కాగితం పలచబడి చిరగడానికి సిద్ధంగా ఉంది. వాడి బాధ నాకు అర్థమైంది.

కారణం: స్లాట్లు రెండు క్లాసుల లెవెళ్లు కలిపి లెక్కిస్తారు. మొత్తం 5 కాబట్టి మొదటి స్థాయివి 4, రెండో స్థాయివి 3, మూడో స్థాయివి 2. మంత్రాలు నేర్చుకోవడం మాత్రం ఏ క్లాసుకు ఆ క్లాసే. విజార్డ్ 3కి రెండో స్థాయి వరకు, క్లెరిక్ 2కి మొదటి స్థాయి వరకే. ఫైర్‌బాల్ మూడో స్థాయి మంత్రం, దానికి విజార్డ్ 5 కావాల్సిందే.

పరిష్కారం: ఆ పెద్ద స్లాట్లను వృథాగా ఉంచకండి. మ్యాజిక్ మిసైల్ అనే మొదటి స్థాయి మంత్రాన్ని మూడో స్థాయి స్లాటుతో వేస్తే మూడు బాణాలకు బదులు ఐదు వెళ్తాయి, దాడికి పాచిక వేసే పని కూడా లేదు. వచ్చే రెండు లెవెళ్లూ విజార్డ్‌కే ఇవ్వండి. పాలడిన్, రేంజర్ లాంటి క్లాసులు కలిపితే వాటి లెవెళ్లలో సగమే స్లాట్ల లెక్కలోకి వస్తుందని మరవకండి. వార్‌లాక్ క్లాసు స్లాట్ల లెక్కయితే వేరు ఖాతా.

సమస్య: ఐదో లెవెల్లో మిగతావాళ్లు రెండు దెబ్బలు కొడుతుంటే నాది ఒక్కటే.

ఫైటర్ (యోధుడు) 3, రోగ్ (దొంగ) 2 అయితే అంతే. రెండో దాడి ఫైటర్ 5లో వస్తుంది, సామర్థ్యం పెంచుకునే అవకాశం ఫైటర్ 4లో. మీరు రెండూ దాటకుండానే పక్కకు తిరిగారు. ఫైటర్ 5 అయ్యాకే రెండో క్లాసు వైపు చూడమని నేను గట్టిగా చెబుతాను. ఇప్పటికే తిరిగినవాళ్లు ఫైటర్‌కు వెనక్కి రండి. ఆ తర్వాత రేంజర్ 5 కూడా చేస్తే మూడో దెబ్బ వస్తుందని ఆశపడవద్దు, ఆ రెండూ కలవవు.

సమస్య: విజార్డ్ తర్వాత ఫైటర్ తీసుకున్నా బరువైన కవచం పనికిరావడం లేదు.

రెండో క్లాసుగా వచ్చే ఫైటర్ తేలిక, మధ్యరకం కవచాలు, డాలు మాత్రమే ఇస్తాడు. ఫైటర్ ద్వారా బరువైన కవచం కావాలంటే పాత్ర మొదటి లెవెల్ ఫైటర్‌దే కావాలి. పాత్ర కొత్తదైతే ఆట నడిపేవారిని అడిగి ఇప్పుడే వరుస మార్చుకోండి.