మిర్చి బస్తాల నంబర్ లేబుళ్లు: ప్రింట్ కొట్టే ముందు

మిర్చి కోతలు మొదలయ్యాయి. ఇక వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు, కోల్డ్ స్టోరేజీలకు బస్తాలు వరుసకడతాయి. ఎక్సెల్‌లో నంబర్లు వేసి లేబుళ్లు తీసేవాళ్లు ముందు ఇవి చూసుకోండి.

• ఒకే నంబరు రెండు బస్తాలకు పడకూడదు. నిరుడు మా దగ్గర ఇద్దరు రైతులకు ఒకే నంబర్లు పడ్డాయి. ఎవరి సరుకు ఏదో తేల్చేసరికి ఒక పూట గడిచింది, వాళ్ల టెన్షన్ చూడలేకపోయాను. పాత షీట్ తెరిచి, ఆఖరి నంబరు చూసి, ఆ తర్వాతి దానితోనే మొదలుపెట్టండి.

• నంబర్లు ఫార్ములాతో వచ్చినవైతే కాపీ చేసి పేస్ట్ వాల్యూస్ (ఫార్ములా పోయి నంబరు మాత్రమే మిగిలేలా అతికించడం) కొట్టండి. లేదంటే మధ్యలో ఒక వరుస తీసేసినా మారిపోవచ్చు. అప్పుడు బస్తా మీద ఒకటి, షీట్‌లో ఇంకొకటి ఉంటుంది.

• 1 ఒక్కటే రాసి గడి మూల పట్టుకుని కిందికి లాగితే మామూలుగా అన్నీ 1 పడతాయి. 1, 2 రాసి, రెండూ సెలెక్ట్ చేసి లాగాలి.

• 001లోని సున్నాలు షీట్‌లో కనిపించినా వర్డ్ మెయిల్ మెర్జ్‌లో (షీట్‌లోని నంబర్లను లేబుళ్లలోకి తెచ్చే పద్ధతి) ఎగిరిపోవచ్చు. పక్క కాలమ్‌లో నంబరును సున్నాలతో సహా అక్షరాలుగా మార్చే టెక్స్ట్ (TEXT) ఫార్ములా పెట్టి దాన్నే వాడండి.

• మెయిల్ మెర్జ్‌లో అప్‌డేట్ లేబుల్స్ బటన్ నొక్కడం మరిస్తే ప్రతి పేజీలో మొదటి గడి తప్ప అన్నీ ఖాళీ.

• ప్రింట్ సైజు 100 శాతం ఉండాలి. ముందు తెల్లకాగితం మీద తీసి, లేబుల్ షీట్‌తో కలిపి వెలుతురుకు పట్టి చూడండి. లేబుల్ షీట్ ఖరీదు.

• చిరిగిన లేబుల్‌కు కొత్త నంబరు ఇవ్వొద్దు, పాతదే మళ్లీ తీయండి.

• గోనె మీద స్టిక్కర్ సరిగా నిలవదు. అట్టముక్కకు అంటించి పురికొసతో కట్టండి.