కథారచన నేర్చుకుందాం – 6వ పాఠం: సరసాలాడే పాత్ర దాచుకునే భయం

పోయిన పాఠంలో కోపిష్టి పాత్రతో ఒక పేజీ రాయమన్నాను. ఈసారి సరసాలాడే పాత్ర. దీంతో చాలామంది ఒకే చోట తప్పటడుగు వేస్తారు. చమత్కారపు మాటలన్నీ రాసేసి, చివర్లో "పాపం, లోలోపల ఆమెకి తనంటే తనకే చిన్నచూపు" అని తగిలిస్తారు. ఆ వాక్యం కొట్టేయండి. దాన్ని పాఠకుడు తనంతట తానే పట్టుకోవాలి.

ఎలా పట్టించాలో నేను నేర్చుకున్నది అమెరికన్ నాటక రచయిత టెనెసీ విలియమ్స్ 1947 నాటకం 'ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్'లోని బ్లాంచ్ దగ్గర. ఆమె ఇంగ్లీషు టీచరు. ఉన్న ఇల్లు పోయి, ఉద్యోగం పోయి, న్యూ ఆర్లియన్స్‌లో చెల్లెలు స్టెల్లా ఇంటికి చేరుతుంది. వచ్చీరాగానే పైలైటు ఆర్పెయ్యమంటుంది. పదేళ్లలో ఇసుమంతైనా ఒళ్లు చేయలేదని చెప్పుకుంటుంది, చెల్లెలి నోట ఒక మెచ్చుకోలు కోసం.

మూడో రంగం నిదానంగా చదవండి. పేకాట మధ్యలో లేచి వచ్చిన మిచ్‌తో, అంటే స్టెల్లా భర్త స్నేహితుడితో, బ్లాంచ్ మాటలు కలుపుతుంది. స్టెల్లా తనకంటే కాస్త పెద్దదని అబద్ధమాడుతుంది. తను కొని తెచ్చిన రంగు కాగితపు లాంతరును బల్బుకి తొడగమని అతన్నే బతిమాలుతుంది. తొడుగుతాడు. వయసు బయటపడుతుందన్న భయం గురించి రచయిత ఒక్క ముక్క చెప్పడు. సరసం, అబద్ధం, లాంతరు పక్కపక్కన పెట్టి ఊరుకుంటాడు. తొమ్మిదో రంగంలో ఆ లాంతరును చింపేసేది కూడా మిచ్చే. ఎన్నిసార్లు చదివినా అక్కడ నాకు గొంతు పట్టేస్తుంది.

ఇంతకీ ఆమెకి మిచ్ ఎందుకు? చెల్లెలు అడిగినప్పుడు బ్లాంచ్ చెప్పేది విశ్రాంతి గురించి. అలసిపోయింది, తల దాచుకోవాలి.

మీ పాత్ర ఉద్దేశం తేలాలంటే ఎదుటివాళ్లు సరేనన్నప్పుడు ఏం చేస్తుందో చూడండి. సెల్‌ఫోన్ షాపులో ఒక కుర్రాడు ఉన్నాడనుకుందాం. వచ్చిన ప్రతి అమ్మాయినీ నవ్విస్తాడు. ఒకమ్మాయి నవ్వి, "ఆదివారం మా ఇంటికి రండి, అమ్మ మిమ్మల్ని చూస్తానంది" అంటుంది. అతను అప్పటికే తుడిచిన స్క్రీన్‌ని మళ్లీ తుడుస్తూ, "ఆదివారం స్టాక్ దిగుతుందండీ" అంటాడు.

కౌంటర్ దగ్గర దొరికే నవ్వు అతనికి చాలు. ఇంటిదాకా వెళ్తే తన దగ్గర ఇంకేమీ లేదని తెలిసిపోతుందని టెన్షన్. ఈ రెండు వాక్యాలూ మీ నోట్‌బుక్కులో ఉండనివ్వండి, కథలోకి రానివ్వద్దు. చిన్నప్పుడు నాన్న తిట్టాడు లాంటి ఫ్లాష్‌బ్యాక్ కూడా వద్దు. స్క్రీన్ మళ్లీ తుడవడంలోనే అంతా ఉంది.

ఈ వారం పని: మీ పాత్ర వేసిన జోకుకి ఎదుటి మనిషి నవ్వలేదు. ఆ ఒక్క నిమిషాన్ని ఇరవై పంక్తుల్లో రాయండి. భయం, బాధ, ఒంటరితనం అనే మాటలు వాడకండి. చేతిలో ఏదైనా ఒక వస్తువు ఉంచండి. రాసింది బాగా రాలేదనిపించినా పారేయకండి, వచ్చే పాఠంలో అదే సీన్‌ని ఆ నవ్వని మనిషి వైపు నుంచి రాస్తాం.