ఇంజన్ ఆయిల్ డబ్బా మూత తీసే ముందు

రెండు డబ్బాలు పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటి మీదా పెద్ద అక్షరాలతో 5డబ్ల్యూ-30 అనే ఉంటుంది. రెండూ సింథటిక్ ఆయిలే. ఒకటి మీ కారుకు సరిగ్గా సరిపోయేది. రెండోది పోస్తే ఆ రోజు ఏమీ కాదు, ఆ నెలా ఏమీ కాదు. చాలా కాలం తర్వాత పొగగొట్టంలోని ఫిల్టర్ పూడుకుపోయి, డాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలుగుతుంది. అప్పటికి ఏ ఆయిల్ పోశామో ఎవరికీ గుర్తుండదు. ఈ రెండు డబ్బాల తేడా ముందువైపు కనిపించదు. వెనక్కి తిప్పి చిన్న అక్షరాలు చదివితేనే తెలుస్తుంది.

అందుకే ఆయిల్ మార్చాలనుకున్నప్పుడు ముందు కారుతో వచ్చిన పుస్తకం తీయండి. మీ మోడల్ పేరు చూసి సరిపెట్టుకోవద్దు. ఒకే పేరుతో నాలుగైదు ఇంజన్లు వస్తాయి, పెట్రోలుకు ఒక ఆయిల్, డీజిల్‌కు మరొకటి ఉంటుంది. తయారైన సంవత్సరాన్ని బట్టి కూడా మారవచ్చు. మీ ఇంజన్ ఉన్న వరుసలో మూడు సంగతులు చూసి కాగితం మీద రాసుకోండి: చిక్కదనం, నాణ్యత తరగతి, కారు కంపెనీ సొంత ఆమోద సంఖ్య. మొదటిది అందరూ చూస్తారు. మూడోదాన్ని దాదాపు ఎవరూ చూడరు. నా లెక్కలో అన్నిటికంటే ముఖ్యమైనది అదే.

చిక్కదనం గురించి పాతుకుపోయిన నమ్మకం ఒకటుంది: ఆయిల్ ఎంత చిక్కగా ఉంటే ఇంజన్‌కు అంత రక్షణ అని. పాత ఇంజన్లలో ఆ మాటకు కొంత ఆధారం ఉండేదేమో గానీ, ఇప్పటి ఇంజన్లకు అది హాని చేయవచ్చు. 5డబ్ల్యూ-30లో డబ్ల్యూ అంటే చలికాలం. దాని ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలికగా కదులుతుందో చెబుతుంది. 5డబ్ల్యూను మైనస్ 30 డిగ్రీల దగ్గర, 0డబ్ల్యూను మైనస్ 35 దగ్గర పరీక్షిస్తారు. వెనకున్న 30 అనేది ఇంజన్ వేడెక్కాక, 100 డిగ్రీల దగ్గర ఉండే చిక్కదనానికి గుర్తు. కవాటాలు తెరుచుకునే సమయాన్ని మార్చే యంత్రాంగం, టైమింగ్ చైన్‌ను బిగుతుగా పట్టే టెన్షనర్, ఇవన్నీ చాలా కార్లలో ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తాయి. సన్నని దారుల గుండా పలుచని ఆయిల్ పరుగెత్తేలా వాటిని రూపొందించారు. అక్కడ వెనక అంకె 20 ఉన్న ఆయిల్‌కు బదులు 40 ఉన్నది పోస్తే, చల్లటి ఇంజన్ స్టార్ట్ చేసిన తొలి క్షణాల్లో పైభాగాలకు ఆయిల్ ఆలస్యంగా అందవచ్చు.

దీనికి వ్యతిరేక దిశలోనూ అంతే ప్రమాదం. కొత్త కార్లన్నీ 0డబ్ల్యూ-20 వాడుతున్నాయి కదా, ఇంధనం ఆదా అవుతుంది కదా అని పాత కారులో అది పోయవద్దు. 150 డిగ్రీల వేడిలో, బేరింగుల మధ్య తీవ్రమైన ఒరిపిడిలో ఆయిల్ పొర ఎంత నిలబడుతుందో కొలిచే పరీక్ష వేరే ఉంది. యూరప్ నాణ్యత తరగతుల్లో సీ3 ఆయిల్‌కు అందులో కనీసం 3.5 మిల్లీపాస్కల్-సెకన్ల చిక్కదనం రావాలి. సీ5కు 2.6 నుంచి 2.9 లోపు చాలు, 0డబ్ల్యూ-20 ఆయిళ్లు చాలావరకు ఈ కోవలోవే. 3.5 కోరే బేరింగుల్లో సీ5 పోస్తే ఆ పొర చాలక లోహం లోహానికి తగలవచ్చు.

ఇక మొదట చెప్పిన రెండు డబ్బాల సంగతి. ఆయిల్ కొద్దికొద్దిగా సిలిండర్‌లో కాలుతూనే ఉంటుంది. కాలినప్పుడు అందులోని లోహపు రసాయనాలు బూడిదగా మిగులుతాయి. డీజిల్ కారు పొగగొట్టంలో ఉండే ఫిల్టర్ మసిని పట్టి, వేడెక్కినప్పుడు కాల్చేస్తుంది. మసి కాలిపోతుంది, బూడిద కాలదు. ఆ ఫిల్టర్ గదుల్లో అది పోగవుతూనే ఉంటుంది. సీ3 ఆయిల్‌లో ఈ బూడిద 0.8 శాతానికి మించకూడదు. సీ4లో 0.5 శాతమే. ఫిల్టర్ లేని కార్ల కోసం చేసిన ఏ3/బీ4 ఆయిల్‌లో సీ3కి రెట్టింపు దాకా ఉండవచ్చు. డబ్బా మీద మాత్రం అన్నీ 5డబ్ల్యూ-30లే! ఇప్పుడు చాలా పెట్రోలు కార్లకూ ఇలాంటి ఫిల్టర్ వస్తోంది కాబట్టి ఇది డీజిల్ వాళ్ల సమస్య మాత్రమే అనుకోవద్దు.

టర్బో ఉన్న చిన్న పెట్రోలు ఇంజన్ అయితే ఏపీఐ (అమెరికా పెట్రోలియం సంస్థ) ఇచ్చే నాణ్యత తరగతిని తప్పక చూడండి. నెమ్మదిగా వెళ్తూ ఎక్కువ గేరులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు, స్పార్క్ ప్లగ్ వెలిగించకముందే ఇంధనం అంటుకునే ప్రమాదం ఈ ఇంజన్లలో ఉంది. పిస్టన్‌ను పగలగొట్టేంత బలం ఉంటుంది ఆ పేలుడుకు. ఆయిల్‌లో కాల్షియం ఎక్కువగా ఉంటే ఈ ముప్పు పెరుగుతుందని తేలాక ఆయిళ్ల కూర్పు మార్చారు. 2020లో వచ్చిన ఎస్‌పీ తరగతిలో దీనికి పరీక్ష ఉంది, టైమింగ్ చైన్ అరుగుదలకూ ఉంది. పుస్తకంలో అంతకంటే పాత తరగతి ఎస్‌ఎన్ అని ఉంటే ఎస్‌పీ నిశ్చింతగా వాడవచ్చు. పుస్తకంలో ఎస్‌పీ ఉంటే ఎస్‌ఎన్‌కు దిగవద్దు.

కొన్ని ఇంజన్లలో టైమింగ్ బెల్టు ఆయిల్‌లో మునిగే తిరుగుతుంది. తగని ఆయిల్ ఆ రబ్బరును మెత్తబరుస్తుంది. రాలిన ముక్కలు ఆయిల్ పంపు జాలీకి అడ్డం పడితే ఇంజన్ మొత్తానికి ఆయిల్ ఆగుతుంది. మీది ఆ రకమైతే ఆమోద సంఖ్య విషయంలో రవ్వంత కూడా రాజీ పడకండి.

ఆ సంఖ్యలు ఫోక్స్‌వ్యాగన్ 504 00/507 00, మెర్సిడెస్ 229.52, బీఎండబ్ల్యూ లాంగ్‌లైఫ్-04 అన్నట్టు ఉంటాయి. డబ్బా మీద చదివేటప్పుడు మాటల తేడా పట్టుకోండి. ‘ఆమోదం పొందినది’ అంటే కారు కంపెనీ ఆ ఆయిల్‌ను ఒప్పుకుంది. ‘ఈ కార్లకు తగినది’, ‘ఈ ప్రమాణాలకు సరితూగుతుంది’ అంటే ఆయిల్ తయారీదారు తన మాటగా చెబుతున్నాడు. వారంటీ ఉన్న కారుకు నేను మొదటి రకమే తీసుకుంటాను.

ఆయిల్ సరైనదే ఎంచుకుని పనిలో పొరపాటు చేస్తే ఫలితం లేదు. ఒకసారి మా కారు పాత ఆయిల్ ఫిల్టర్ విప్పాక దాని రబ్బరు రింగు ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయింది. నల్లటి రింగు, నల్లటి లోహం, కంటికి ఆనలేదు. వేలితో చుట్టూ తడిమితే గోరుకు తగిలింది. దాని మీదే కొత్త ఫిల్టర్ బిగించి ఉంటే రెండు రింగులు ఒకదానిపై ఒకటి జారి, దారిలో ఆయిల్ మొత్తం కారిపోయేది. అప్పటి నుంచి తడిమి చూడకుండా కొత్తది బిగించను. పాత ఆయిల్ కిందికి వదిలే డ్రెయిన్ బోల్టు వాషర్ కూడా ప్రతిసారీ కొత్తదే వేయాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కింద దూరకండి, స్టాండు పెట్టండి. పాత ఆయిల్ చర్మానికి హాని చేస్తుంది, చేతులకు గ్లవుజులు ఉండాలి. తీసిన ఆయిల్‌ను కాలువలో పోయకుండా సేకరణ కేంద్రానికి ఇవ్వాలి.

పుస్తకంలో రాసిన కొలతకు కొంచెం తక్కువే పోసి, ఇంజన్ ఒకటి రెండు నిమిషాలు నడిపి ఆపి, కాసేపాగి డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం కొలిచే కడ్డీ) చూసుకుంటూ మిగతాది కలపండి. పై గీత దాటనివ్వకండి. మరీ ఎక్కువైతే క్రాంక్ షాఫ్టు తగిలి ఆయిల్ నురగెక్కుతుంది, ఆ నురగ బేరింగులను కాపాడలేదు. తర్వాతి వారాల్లో మీరేమీ పోయకుండానే మట్టం పెరుగుతుంటే, డిప్‌స్టిక్‌కు పెట్రోలు లేదా డీజిల్ వాసన వస్తుంటే, ఇంధనం ఆయిల్‌లో కలుస్తోందన్నమాట. వెంటనే చూపించండి.

దూర ప్రయాణంలో ఆయిల్ తగ్గి, సరైనది దొరక్కపోతే? కింది గీత కంటే తక్కువలో నడపడం కన్నా దగ్గరి రకం ఆయిల్ అర లీటరు కలపడమే మేలు. తిరిగి వచ్చాక ముందుగానే మొత్తం మార్చేయండి. పోసిన ప్రతి ఆయిల్ డబ్బా వెనకవైపును ఫోటో తీసి, తేదీ, కిలోమీటర్లు రాసి దాచుకోండి. తర్వాతిసారి మెకానిక్ డ్రమ్ములోంచి ఆయిల్ తీయబోతే, ముందు ఆ ఫోటో చూపించి ఆ సంఖ్య ఉన్నదే కావాలని అడగండి.