పిల్లిని, పసికూనలను ఇంట్లో కుదుర్చుకోవడం: రెండవ పాఠం (ఈనిన గంట నుంచి కళ్లు తెరిచే వరకు)

మొదటి పాఠంలో చూలి పిల్లిని గుర్తించడం, సుమారు 63 నుంచి 65 రోజులు ఉండే ఆ కాలంలో దానికి ఏమి పెట్టాలో తెలుసుకోవడం, ఈనేటప్పుడు మనం ఎంత దూరంలో ఉండాలో నిర్ణయించుకోవడం నేర్చుకున్నాము. ఈ పాఠం కాన్పు ముగిసిన గంట నుంచి మొదలై కూనలు కళ్లు తెరిచే వరకు, అంటే సుమారు పది రోజుల వరకు సాగుతుంది. కూనలను పెంచే పని తల్లిది, తల్లి ఆ చోటు వదిలి వెళ్లవలసిన అవసరం రాకుండా చూసే పని మనది. ఈ పాఠంలోని సూచనలన్నీ ఆ రెండో పనికి సంబంధించినవే.

పిల్లి తన పిల్లలను ఏడిళ్లు తిప్పుతుందని పెద్దలు అంటారు. కొందరు దీనిని నియమంగా భావించి, తిప్పనిదే కూనలు బతకవని కూడా నమ్ముతారు. నిజానికి ఆ తిప్పటానికి కారణాలు చాలా మామూలువి. కాన్పు చోట తడి, వాసన మిగిలిపోవడం, గదిలోకి మనుషుల రాకపోకలు పెరగడం, వెలుతురు నేరుగా పడటం, చీమలు పట్టడం, గండుపిల్లి కిటికీ దగ్గర అరవడం వంటివి జరిగితే తల్లి కూనలను ఒక్కొక్కటిగా మెడ వెనుక చర్మం పట్టుకుని మరో చోటికి చేరవేస్తుంది. అలా మార్చిన ప్రతిసారీ ఒక కూన వెనుక ఉండిపోయే ప్రమాదం ఉంది. కారణాలను తొలగిస్తే చాలా పిల్లులు ఒకే చోట స్థిరపడతాయి.

చోటు ఎంపిక

పిల్లి తానుగా ఎంచుకున్న చోటు సురక్షితమైతే దానిని కదపకండి. బీరువా కింది అర, మంచం కింద పాత ట్రంకుపెట్టె పక్కన ఉన్న మూల వంటివి మనకు అసౌకర్యంగా ఉన్నా దానికి సరిపోతాయి. అయితే అటక మీదో, గ్యాస్ సిలిండర్ వెనుకో, మెట్ల కింద నీళ్ల మోటారు దగ్గరో ఈనితే మార్చక తప్పదు. అప్పుడు తొందరపడి కూనలను ఎత్తుకుపోకుండా, ముందు కొత్త చోటును పూర్తిగా సిద్ధం చేయాలి.

సుమారు రెండు అడుగుల పొడవు, ఒకటిన్నర అడుగు వెడల్పు ఉన్న అట్టపెట్టె తీసుకుని, ఒక పక్క నేల నుంచి అయిదారు అంగుళాల ఎత్తు వదిలి, తల్లి దూరేంత ద్వారం కోయండి. ఆ ఎత్తు తల్లికి అడ్డు కాదు గాని, చన్ను వదలని కూన తల్లితోపాటు ఈడ్చుకుని బయట పడిపోకుండా ఆపుతుంది. అడుగున వార్తాపత్రికలు, వాటి మీద నాలుగు మడతలు వేసిన పాత నూలు చీర పరచండి. పోగులు లేచి ఉండే తువ్వాలు వద్దు, వాటిలో కూనల గోళ్లు చిక్కుకుంటాయి. పెట్టె పైభాగం సగానికి పైగా మూసి ఉండాలి, ఎందుకంటే చీకటి తల్లికి ధైర్యం. తిండి, నీళ్లు ఒక మూల, ఇసుక తొట్టి దానికి దూరంగా మరో మూల పెట్టండి.

ఇప్పుడు తల్లికి ఆ గదిలోనే తిండి పెట్టి, అది తింటుండగా కూనలన్నింటినీ, అవి పడుకున్న గుడ్డతో సహా, ఒకే బుట్టలో దాని కళ్ల ముందే తెచ్చి పెట్టెలో ఉంచి, తలుపు వేసి బయటికి రండి. పాత గుడ్డ వాసన ఇక్కడ చాలా పని చేస్తుంది కనుక మొదటి రోజు దానిని ఉతకవద్దు. పాత చోటును మాత్రం అదే పూట అడ్డుపెట్టి మూసివేయాలి, లేకపోతే తల్లి కూనలను మళ్లీ అక్కడికే మోసుకుపోతుంది. మనిషి ముట్టుకుంటే తల్లి కూనలను వదిలేస్తుందన్న మాట అంతగా నిజం కాదు. మచ్చిక ఉన్న పిల్లి కడిగిన చేతులను సహిస్తుంది. అది సహించనిది గుంపును. పురిటి గదికి మన ఇళ్లలో పాటించే కట్టుబాటునే ఇక్కడా పాటించండి. చూడవచ్చిన పక్కింటి పిల్లలకు ఫోటో చూపించి పంపడం తప్పు కాదు.

చీమలు, ఫినాయిలు

మన వాతావరణంలో ఈ వారంలో కూనలకు మొదటి శత్రువు చీమ. కాన్పు తడి, మాయ ముక్కలు, ఒలికిన పాలు వాటిని పిలుస్తాయి, ఎర్రచీమల బారు పట్టిన కూన తప్పించుకోలేదు. పెట్టెను చిన్న పీట మీద ఉంచి, పీట కోళ్ల కింద నీళ్లు పోసిన మూతలు పెట్టడం మంచి ఉపాయం. పెట్టె గోడకు, దుప్పటి అంచుకు ఏదీ తగలకుండా చూడాలి, లేకపోతే చీమలకు అదే వంతెన అవుతుంది. చీమల చాక్‌పీసు గీతలు, చీమల పొడి ఆ గదిలో వాడవద్దు. వాటిలో ఉండే పైరెథ్రాయిడ్ అనే పురుగుమందులను పిల్లి శరీరం సరిగా విరిచివేయలేదు.

ఫినాయిలుదీ అదే సమస్య. ఫినాల్ జాతి రసాయనాలను విరిచే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ. నేల మీద అంటినదాన్ని తల్లి పాదాలు నాకినప్పుడు, కూనలను నాకినప్పుడు అది లోపలికి పోతుంది. ఫినాయిలుతో గది కడిగిన రోజే కూనలు చచ్చిపోయాయని, దిష్టి తగిలిందని చెప్పుకునే ఇళ్లు ఉన్నాయి. అక్కడ అడగవలసిన మొదటి ప్రశ్న నేల దేనితో తుడిచారన్నదే. డెట్టాల్ వంటివి కూడా ఈ కోవకే చెందుతాయి. వేడినీళ్లు, సబ్బు, ఎండ చాలు. కలరా ఉండలు పెట్టిన బీరువా అర నుంచి గుడ్డలు తీయకండి, దోమల కాయిలు ఆ గదిలో వెలిగించకండి.

వెచ్చదనం

పుట్టిన కూనకు చూపు లేదు, వినికిడి లేదు, చలికి వణికే శక్తి కూడా లేదు. తన ఒంటి వేడిని తానే నిలుపుకోలేదు కనుక మొదటి వారం అది పడుకున్న చోట 29 నుంచి 32 డిగ్రీల వేడి ఉండాలి. ఆదిలాబాదు చలికాలంలో ఇది కష్టం, మే నెల పల్నాడులో సమస్య పూర్తిగా తిరగబడుతుంది. ఉష్ణమాపకం లేకపోయినా కూనలే చెబుతాయి. ఒకదాని మీద ఒకటి ఎక్కి గుట్టగా పడుకుని సన్నగా ఏడుస్తుంటే చలి. ఒక్కొక్కటి ఒక్కో మూలకు పాకి, కాళ్లు చాపి, నోరు తెరిచి ఉంటే ఉక్క. ఒకదానికొకటి ఆనుకుని నిశ్శబ్దంగా నిద్రపోతుంటే సరిపోయినట్టు. ఆ నిద్రలో కాళ్లు, మూతి అదురుతుంటాయి. కొత్తవారు దాన్ని మూర్ఛ అనుకుని కంగారుపడతారు, అది పసికూన నిద్ర లక్షణమే.

చలికి వేడినీళ్ల సీసాను మందపాటి గుడ్డలో చుట్టి పెట్టెలో ఒక పక్కనే ఉంచండి. అవసరం లేని కూన దూరంగా జరగడానికి రెండో పక్క ఖాళీగా ఉండాలి. వేసవిలో ఏసీ గాలి, కూలరు గాలి నేరుగా పెట్టె మీద పడకూడదు. గది చల్లబడితే చాలు.

ఒక కూన పక్కకు పడి చల్లబడిపోయి కనిపిస్తే, దాని నోట్లో వెంటనే పాలు పోయడం మనవారు చేసే మొదటి పని. అలా చేయవద్దు. చల్లబడిన కూన కడుపు పాలను అరిగించుకోలేదు. ముందు మన ఒంటికి ఆనించి, గంటో రెండు గంటలో మెల్లగా వెచ్చబరచి, కదలిక వచ్చాకే తల్లి చన్నుకు చేర్చాలి. తల్లి పాలు చాలనప్పుడు జంతువుల ఆహారం అమ్మే దుకాణాలలో దొరికే కూనల పాలపొడి వాడాలి గాని, ఆవు పాలు, పాకెట్ పాలు పనికిరావు, వాటితో విరేచనాలు పట్టుకుంటాయి. పట్టేటప్పుడు కూన బోర్లాగానే ఉండాలి, వెల్లకిల పడుకోబెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

తల్లి సంగతి

పెరుగన్నం, పాలన్నంతో బాలింత పిల్లి నిలవదు. అది మాంసాహారి, పాలిచ్చే రోజుల్లో దాని ఆకలి మామూలు కంటే రెట్టింపు దాటుతుంది. ఉడికించిన కోడిమాంసం, కోడిగుడ్డు, ముళ్లు తీసి ఉడికించిన చేప, లేదా కూనల కోసం అమ్మే ఆహారం రోజుకు నాలుగైదు సార్లు పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి, ఎముకలు ఉండకూడదు. ఒంటి మీద గెంతే చిన్న పురుగులు (ఫ్లీలు), పిడుదులు కనిపిస్తే పేన్ల దువ్వెనతో దువ్వి తీయండి. కుక్కల పిడుదులకు అమ్మే పొడి చల్లితే పిల్లికి ప్రాణాపాయం, పారాసెటమాల్ ఇచ్చినా అంతే.

తల్లి ఒళ్లు వణకడం, కాళ్లు బిగుసుకుని తూలడం, కుదురు లేకుండా రొప్పుతూ తిరగడం రక్తంలో కాల్షియం పడిపోయిందనడానికి గుర్తులు. ఇలా కనిపిస్తే ఆలస్యం చేయకుండా గంటల్లోనే వైద్యుని దగ్గరకు చేర్చాలి. చన్ను గట్టిపడి వేడిగా ఉండటం, దుర్వాసనతో చీములాంటి స్రావం కనిపించడం కూడా అదే రోజు వైద్యునికి చూపవలసినవే. మన పశువైద్యశాలల్లో చాలావరకు ఆవులు, గేదెలు, మేకల పనే ఎక్కువ కనుక, పిల్లులను చూసే వైద్యుడు మీ ఊళ్లో ఎవరో ముందే అడిగి పెట్టుకోండి.

అభ్యాసం

గ్రాములు చూపే వంటింటి తూనిక మీద గుడ్డ వేసిన స్టీలు గిన్నె పెట్టి, సున్నాకు తెచ్చి, రోజూ ఒకే వేళకు ఒక్కో కూనను తూచండి. పుట్టిన కూన సాధారణంగా 90 నుంచి 110 గ్రాములు ఉంటుంది, రోజుకు సుమారు 10 నుంచి 15 గ్రాములు పెరగాలి, రెండు వారాలకు బరువు రెట్టింపు కావాలి. నోటు పుస్తకంలో ప్రతి కూనకు ఒక వరుస వేసి, తోక కొన తెలుపు, ముక్కు మీద మచ్చ వంటి ఆనవాలు రాసుకోండి. గుర్తు కోసం మెడకు దారం కట్టవద్దు, పెరిగే మెడకు అది ఉరి అవుతుంది. బరువు పెరగని కూన కనిపిస్తే, తల్లి పాలిచ్చే వేళ మిగతావాటిని కాసేపు పక్కకు జరిపి దానిని వెనుక చన్నుల దగ్గర పెట్టి చూడండి. మరుసటి రోజు కూడా తూకం తగ్గితే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్లండి.

కళ్లు ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు లోపు వాటంతట అవే విడతాయి. వేలితో విప్పకూడదు. రెప్ప ఉబ్బి లోపల చీము కనిపిస్తే మాత్రం ఆగకుండా చూపించాలి. మూడవ పాఠం కూనలు పెట్టె దాటి బయటికి రావడంతో మొదలవుతుంది. ఆ లోపల అంచు రెండంగుళాలకు మించని ట్రే ఒకటి, తడిస్తే గడ్డకట్టని ఇసుక కొంత సమకూర్చి ఉంచండి.